ఘాట్ దిగే ముందు: బ్రేకుల పని ఇంటి ముంగిట్లోనే చేసుకోవడం ఎలా?

ఒడిశాలోని కోరాపుట్, సునాబేడ, జయపురం, రాయగడ వైపు మన కుర్రాళ్ళ చేతికి సెకండ్ హ్యాండ్ కారు రాగానే ముందు ఏమేం మారతాయో అందరికీ తెలిసిందే. సీటు కవర్లు, స్పీకర్లు, పెద్ద హారను, ఆ తర్వాత అల్లాయ్ చక్రాలు. బ్రేకుల సంగతి మాత్రం "పడుతున్నాయి కదా" అన్న మాటతో సరి. ఊళ్ళో తిరిగినంతసేపు నిజంగానే పడతాయి. పొట్టంగి దాటి సాలూరు వైపు సుంకి ఘాట్ మలుపుల్లోకి దిగినప్పుడే అసలు లెక్క తేలుతుంది.

ఆ లెక్కేమిటో చూడండి. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఘాట్ కిందున్న సాలూరు 120 దగ్గర. మనుషులతో, సామానుతో కలిపి వెయ్యి కిలోలున్న బండి 700 మీటర్లు కిందికి దిగితే వదిలించుకోవలసిన శక్తి సుమారు 69 లక్షల జౌళ్ళు. ఇరవై లీటర్ల చన్నీళ్ళను సలసలా మరిగించడానికి చాలినంత వేడి అది. గాలి కొంత లాక్కుంటుంది, గేరులో ఉంచితే ఇంజను ఇంకాస్త ఎక్కువే లాక్కుంటుంది. మిగిలిందంతా ముందున్న రెండు డిస్కులూ, వెనకున్న రెండు డ్రమ్ములూ భరించాలి. ఆ వేడి, డిస్కును నొక్కి ఆపే ప్యాడ్ల మీదుగా, కాలి బలాన్ని చక్రాల దాకా మోసే బ్రేక్ ఆయిల్లోకి పాకుతుంది. ఘాట్లో బ్రేకు పోయిన బళ్ళలో ప్యాడ్లు బాగానే ఉండి, ఆయిల్ మరిగిపోయినవీ ఉంటాయి. అందుకే నా మటుకు నేను ప్యాడ్ల కంటే ఆయిల్‌కే ఎక్కువ విలువిస్తాను. కింద కూడా దాని గురించే ఎక్కువ రాశాను.

ఇక్కడ చెప్పేదంతా ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉండి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని చిన్న బళ్ళకు. మన దగ్గర తిరిగే పాత ఆల్టోలు, వేగనార్లు చాలావరకు ఈ రకమే. 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి బండి మీదైతే ప్యాడ్ల వరకు చేసుకోండి. ఆయిల్ మార్చేటప్పుడు ఏబీఎస్ పెట్టెలోకి గాలి వెళ్తే కంప్యూటర్ తగిలించి తీయాల్సి వస్తుంది, ఆ భాగం సర్వీసు సెంటరుకు వదిలేయడమే మేలు.

పానా పట్టే ముందు బండిని అడగండి

ఇంజను ఆపి ఉన్నప్పుడు పెడల్ని నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే కాలు నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి జారితే కాలి బలాన్ని పెంచే బూస్టర్ పని చేస్తున్నట్టు. జారకపోతే బూస్టరో, దాని వాక్యూమ్ పైపో చూపించుకోవాలి. తర్వాత ఇంజను నడుస్తుండగానే ఒక నిమిషం పాటు పెడల్ని ఒకే బలంతో నొక్కి పట్టుకోండి. మెల్లమెల్లగా నేలకు దిగిపోతూ ఉంటే ఎక్కడో కారుతోంది, లేదా పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. ఈ రెంటిలో ఏదైనా మీ ముంగిట్లో చేసే పని కాదు. ఇక్కడే ఆగి మిస్త్రి దగ్గరికి వెళ్ళండి.

ఇవి రెండూ బాగుంటే ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిరగండి. బ్రేకు వేసినప్పుడు సన్నగా ఈల శబ్దం వస్తే ప్యాడ్ల మీదున్న హెచ్చరిక రేకు డిస్కును తాకుతోందన్నమాట. గరగరమంటే రేకు దశ కూడా దాటింది, ప్యాడ్ వెనక ఇనుమే రాసుకుంటోంది. బండి ఒక పక్కకు లాగితే ఆ రెండో పక్క కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) సరిగా పట్టడం లేదు, లేదా లాగిన పక్కది పట్టుకుని వదలడం లేదు. ఇది తేల్చడానికి తేలిక దారి ఉంది: రెండు మూడు కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి, ఆగి, ఒక్కో చక్రం దగ్గర అరచేయి పెట్టి చూడండి. తాకవద్దు, సెగ తగిలితే చాలు. మిగతావాటికంటే బాగా వేడిగా ఉన్నది పట్టేసిన చక్రం. హ్యాండ్ బ్రేకు లీవరు తొమ్మిది పది టిక్కులు దాటితేగాని పట్టకపోతే వెనక డ్రమ్ము లోపల రాసుకునే లైనర్లు అరిగాయో, కేబుల్ సాగిందో చూడాలి.

ఏం తెచ్చుకోవాలి

స్పేర్లు ఇక్కడి షాపుల్లో దొరకనివి మనవాళ్ళు విజయనగరం, విశాఖ వెళ్ళొచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవడం మామూలే. కాకపోతే "ఆల్టో ప్యాడ్లు" అని ఫోన్లో చెబితే సరిపోదు. బండి తయారైన సంవత్సరం, మోడలు, వీలైతే ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు కూడా పంపండి. ఒకే పేరుతో వచ్చిన బళ్ళకు రెండు మూడు రకాల ప్యాడ్లుంటాయి. డబ్బా మీద పార్టు నంబరు, తయారీ తేదీ, ఎం.ఆర్.పి. అచ్చై ఉండాలి. పాలిథిన్ కవర్లో చుట్టి సగం ధరకు ఇచ్చేవి ఎంత మంచి మాట చెప్పినా కొనకండి.

బ్రేక్ ఆయిల్ ఏది వాడాలో బానెట్ కిందుండే ఆయిల్ డబ్బా మూత మీదే ముద్రించి ఉంటుంది: డాట్ 3 అనో, డాట్ 4 అనో. డాట్ 3 ఉన్న చోట డాట్ 4 నిక్షేపంగా వేయొచ్చు, ఘాట్ల మీద తిరిగేవాళ్ళు వేయడమే మంచిది. కానీ డాట్ 5 అని ఒకటి ఉంది, అది సిలికాన్‌తో చేసింది. దాన్ని వీటితో అస్సలు కలపకూడదు. డాట్ 5.1 పేరు దానికి దగ్గరగా ఉన్నా అది గ్లైకాల్ రకమే. గజిబిజి వద్దనుకుంటే సీల్ తీయని అర లీటరు డాట్ 4 సీసాలు రెండు తెచ్చుకోండి.

ఇవి కాక కావలసినవి: జాకీ, దానితోపాటు ఒక జత జాక్ స్టాండ్లు, కారుతో వచ్చిన వీల్ పానా, రింగు పానాల సెట్టు, పెద్ద సి-క్లాంపు, వైరు బ్రష్షు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకులకే వాడే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, లావు ఇంజెక్షన్ సిరంజి ఒకటి, మందుల షాపులో దొరికే సెలైన్ గొట్టం, ఖాళీ నీళ్ళ సీసా, పాత గుడ్డలు, చేతి తొడుగులు, మాస్కు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. స్టాండ్లు అనవసరపు ఖర్చనిపిస్తే మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. జాకీ బండిని ఎత్తడానికే. ఎత్తిన బండిని పట్టుకుని ఉండడం దాని పని కాదు. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు బరువు మీద పడితే ఉన్నట్టుండి పగిలిపోతాయి, వాటిని స్టాండ్లుగా వాడకండి.

బండిని ఎత్తడం

మన ఇళ్ళ ముంగిళ్ళు చాలావరకు వాలుగా ఉంటాయి. పక్కింటి వాళ్ళ చదును గచ్చు దొరికితే ఆదివారం పూట అక్కడికి తీసుకెళ్ళండి. ఎర్రమట్టి నేల తప్పనిసరైతే జాకీ కిందా స్టాండు కిందా మందపాటి చెక్క పలక వేయండి, వాన పడ్డ మర్నాడు అసలు వద్దు.

మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేయాలి, గాలిలో లేపాక వదులు చేద్దామంటే చక్రం తిరిగిపోతుంది, బండి ఊగుతుంది. తలుపు కింది అంచులో జాకీ కోసం రెండు గాట్లుంటాయి, వాటి మధ్యే పెట్టండి. ఎత్తాక స్టాండు పెట్టి, బండి బరువు దాని మీదికి దింపి, ఒకసారి గట్టిగా తోసి చూడండి. విప్పిన చక్రాన్ని డోరు కింద అడ్డంగా పడేయండి. స్టాండు జారినా ఆ చక్రం ఒక ఆసరా.

ముందు ప్యాడ్లు

ఒకసారికి ఒక పక్కే విప్పండి. ఏ స్ప్రింగు ఎటు ఉందో అనుమానం వస్తే రెండో పక్క వెళ్ళి చూసుకోవచ్చు. ఫోటోలు కూడా తీసుకోండి, జిడ్డు చేతులతో కాక ముందే.

స్టీరింగును మీ వైపు తిప్పితే కాలిపర్ వెనక భాగం బయటికి కనబడుతుంది. ముందు ఆయిల్ వచ్చే రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో వంచి చూడండి. పగుళ్ళు, ఉబ్బు, తడి ఉంటే ప్యాడ్ల కంటే ముందు అది మార్పించాలి. గొట్టం బాగుంటే కాలిపర్ని పట్టి ఉంచే రెండు బోల్టుల్లో కిందది విప్పండి. పైదాని మీద కాలిపర్ తలుపు తెరిచినట్టు పైకి లేస్తుంది. కొన్ని బళ్ళలో రెండూ తీయాల్సి వస్తుంది. అప్పుడు కాలిపర్ని తీగతో స్ప్రింగుకి కట్టి ఉంచండి. రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వద్దు, గొట్టం లోపలి పొర చిరిగితే పైకి ఏమీ కనబడదు.

పాత ప్యాడ్లు బయటికి లాగి పక్కపక్కన పెట్టి కొలవండి. ఇనప పలక కాకుండా రాపిడి పొర 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాల్సిందే. నేనైతే ఘాట్ మీద వారం వారం తిరిగే బండికి 4 దగ్గరే మార్చేస్తాను. పలచటి ప్యాడ్ వేడిని ఆపలేదు, తిన్నగా కాలిపర్లో ప్యాడ్ని తోసే పిస్టన్‌కి, అక్కణ్ణుంచి ఆయిల్‌కి పంపుతుంది. లోపలిదీ బయటదీ సమానంగా అరగలేదనుకోండి, కాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయాయి. మన వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా బురదలో తిరిగిన బండికి ఇది రాకపోతేనే ఆశ్చర్యం. పిన్నులు బయటికి లాగి, తుప్పు తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి, రబ్బరు తొడుగులు సరిగా కూర్చోబెట్టి మళ్ళీ పెట్టండి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది.

దుమ్ము సంగతి. నోటితో ఊదవద్దు, గాలి పంపుతో కొట్టవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత బయటపడే జబ్బు. స్ప్రేతోనో తడి గుడ్డతోనో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

ఇప్పుడు డిస్కు. అంచున గట్టు కట్టిందా, గోరు దిగేంత గీతలు ఉన్నాయా చూడండి. కనీసం ఎంత మందం ఉండాలో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది, మందం కొలిచే వర్నియర్‌తో చూసి అంతకంటే తక్కువుంటే రెండు డిస్కులూ మార్చాలి. ఎండలో పెట్టినప్పుడు ఊదారంగు మచ్చలు కనబడితే అది బాగా కాలిన డిస్కు.

పిస్టన్ని వెనక్కి తోయడం ఓపిగ్గా చేయాల్సిన పని. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్ లోపలికి పోవాలి. పోతుంటే ఆయిల్ వెనక్కి తన్ని పైడబ్బా నుంచి పొర్లుతుంది. అందుకే ముందే మూత తీసి సిరంజితో కొంచెం లాగేయండి. పొర్లిన బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోయాలి. పాత ప్యాడ్ని పిస్టన్ మీద ఆనించి సి-క్లాంపుతో మెల్లగా తిప్పండి. ఒక దశలో ఇక కదలనంటే బలం పెంచవద్దు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు చిరిగి లోపల తుప్పు పట్టి ఉంటుంది, దానికి కాలిపర్ కిట్ వేయించాలి.

కొత్త ప్యాడ్ల మీద వేలిముద్ర జిడ్డు కూడా అంటకూడదు. ఈల రేకు ఉన్నది పాతది ఎక్కడుంటే అక్కడే పెట్టండి, కొత్త క్లిప్పులు వచ్చి ఉంటే అవి వాడండి. కాలిపర్ దించి బోల్టు బిగించండి. రెండో పక్క కూడా ఇలాగే. ఒక పక్క మాత్రమే మార్చి ఊరుకోకండి, బండి పక్కకు లాగుతుంది.

వెనక డ్రమ్ములు

ఇక్కడ రెండు రకాలున్నాయి. కొన్ని బళ్ళలో చక్రం తీయగానే డ్రమ్ము బయటికి వస్తుంది. బిగుసుకుని ఉంటే డ్రమ్ము ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో సరిపడే బోల్టులు సమానంగా తిప్పుకుంటూ పోతే అదే వెలికివస్తుంది. ఇంకొన్నింటిలో డ్రమ్ములోనే బేరింగు ఉంటుంది. నడుమ టోపీ తీసి పెద్ద నట్టు విప్పితేగాని రాదు, ఆ నట్టును మళ్ళీ బిగించే టార్కు తేడా వస్తే బేరింగు పోతుంది. మీది రెండో రకమైతే, టార్క్ రెంచి లేకపోతే, వెనక పని మిస్త్రికి ఇవ్వండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

మొదటి రకమైతే హ్యాండ్ బ్రేకు దించి (ముందు చక్రాలకు రాళ్ళు పెట్టాక), డ్రమ్ము తీసి, లైనర్ మందం చూడండి. 1 మిల్లీమీటరు దగ్గరికి వస్తే మార్పే. లైనర్లను డ్రమ్ముకు తోసే వీల్ సిలిండర్ చివరి రబ్బరు తొడుగు అంచును కాస్త లేపి చూస్తే లోపల పొడిగా ఉండాలి. ఆయిల్ తడి ఉంటే ఆ సిలిండరూ, ఆయిల్ పీల్చిన లైనర్లూ రెండూ పోవాల్సిందే. ఆయిల్ తాగిన లైనర్‌ని స్టవ్వు మీద కాల్చి మళ్ళీ వాడతారు కొందరు, అది మానండి. డ్రమ్ము విప్పి ఉన్నప్పుడు పెడల్ తొక్కితే సిలిండర్ పిస్టన్లు బయటికి ఊడిపడతాయి, ఇంట్లో పిల్లలు సీట్లో కూర్చుని ఆడుకోకుండా తలుపు మూసి ఉంచండి.

ఆయిల్ మార్చి, గాలి తీయడం

గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత తీయకపోయినా రబ్బరు గొట్టాల గుండా, మూత సందు గుండా నీరు చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కి 230. అదే ఆయిల్లో 3.7 శాతం నీరు చేరాక డాట్ 3 మరిగే స్థాయి 140కి, డాట్ 4ది 155కి పడిపోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. దిగుడులో ప్యాడ్లు ఈ వేడిని తేలిగ్గా దాటతాయి. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు కాబట్టే మీ కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. ఆవిరి నలిగిపోతుంది, అందుకే పెడల్ ఏమీ పట్టకుండానే నేలకు తగులుతుంది. చల్లారాక మళ్ళీ బాగానే పడుతుంది, గ్యారేజీలో చూపిస్తే "అంతా బాగుంది" అంటారు. చాలా బళ్ళ పుస్తకాల్లో రెండేళ్ళకోసారి మార్చమని ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండికి ఎప్పుడు మార్చారో పాత ఓనరుకే గుర్తుండదు. డబ్బాలోని ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంటే ఆ ప్రశ్న అడగనక్కర్లేదు.

ఒక్కో చక్రం దగ్గర ఆయిల్నీ గాలినీ బయటికి వదిలే చిన్న మర ఒకటి ఉంటుంది, అదే నిపుల్. ఈ నిపుల్స్ నాలుగూ ముందు రోజు రాత్రే వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. ఇవి చిన్నవి, లోపల బోలు. సరిపోని పానాతో తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి, ఇంకా బలం పెడితే విరిగి లోపలే ఉండిపోతుంది. రింగు పానానే వాడండి. పట్టు జారుతోందనిపిస్తే ఆపేయండి.

సిరంజితో డబ్బాలోని పాత ఆయిల్ దాదాపు అడుగు దాకా లాగేసి, కొత్తది నిండుగా పోయండి. పూర్తిగా ఖాళీ చేయవద్దు, గాలి లోపలికి పోతే పని రెట్టింపు. ఇప్పుడు మీకు ఒక మనిషి తోడు కావాలి. తమ్ముడో బావో ఎవరైనా సరే, మాట విని అంతే చేసేవాడు కావాలి, సొంత తెలివి చూపించేవాడు వద్దు.

మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం సాధారణ పద్ధతి. మన కుడిచేతి స్టీరింగు బళ్ళలో అది ఎడమ వెనకది. తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, చివరికి కుడి ముందు. మీ బండి పుస్తకంలో వేరే వరస రాసి ఉంటే దాన్నే పాటించండి.

నిపుల్ మీద రబ్బరు టోపీ తీసి, పానా ముందే తగిలించి, సెలైన్ గొట్టం ఒక కొస నిపుల్‌కి, రెండో కొస సీసాలోకి పెట్టండి. సీసాలో గొట్టం కొస మునిగేంత కొత్త ఆయిల్ ఉండాలి, లేకపోతే వదిలిన గాలినే మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. లోపలున్న మనిషికి మూడే మాటలు నేర్పండి. "తొక్కు" అంటే మెల్లగా మూడుసార్లు తొక్కి మూడోసారి నొక్కి ఉంచాలి. ఉంచాక అతను "పట్టా" అనాలి. అప్పుడు మీరు నిపుల్ పావు చుట్టు విప్పుతారు. ఆయిల్ గొట్టంలోకి వస్తుంది, పెడల్ కిందికి పోతుంది, అతను కాలు తీయకూడదు. మీరు నిపుల్ బిగించి "వదులు" అన్నాకే తీయాలి. ఈ వరస తప్పితే మళ్ళీ గాలి పోయినట్టే.

పాత బండైతే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. రోజూ వాడకంలో పెడల్ పూర్తిగా నేల దాకా వెళ్ళదు. మాస్టర్ సిలిండరులో ఆ చివరి భాగం ఏళ్ళ తరబడి వాడకుండా గరుకు తేలి ఉంటుంది. ఒక్కసారిగా నేల దాకా తొక్కితే లోపలి రబ్బర్లు ఆ గరుకు మీద చీరుకుపోతాయి. బాగున్న సిలిండరు గాలి తీసిన మర్నాడే పోయిందని బాధపడేవాళ్ళలో కొందరికి కారణం ఇదే.

గొట్టంలో బుడగలు ఆగి, లేత రంగు కొత్త ఆయిల్ వచ్చేదాకా ఒక్కో చక్రం దగ్గర ఇలా చేస్తూ పోండి. నాలుగైదుసార్లకొకసారి లేచి డబ్బాలో మట్టం చూసి నింపండి. వెనక చక్రాలకు ఆయిల్ ఎక్కువ పడుతుంది, గొట్టం పొడుగు కాబట్టి. అన్నీ అయ్యాక నిపుల్స్ బిగించండి, ఎక్కువ కాదు, టోపీలు పెట్టండి, మట్టం మాక్స్ గీత దాకా నింపండి. పెడల్ గట్టిగా, ఎత్తున ఆగాలి. మెత్తగా ఉంటే ఇంకా గాలి ఉంది, మళ్ళీ ఎడమ వెనక నుంచి మొదలు.

సీసాలో మిగిలిన కొత్త ఆయిల్ వచ్చే ఏడాదికి దాచుకోవద్దు, సీల్ తీసిన సీసా తేమ పీలుస్తూనే ఉంటుంది. పాతది తీసిన సీసాను ఎక్కడపడితే అక్కడ పెట్టకండి. విషం అది. పిల్లలకీ పశువులకీ అందకూడదు, గెడ్డలోనో పొలం గట్టునో పారబోయకూడదు. మూత బిగించి, పేరు రాసి, వాడేసిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకి విడిగా ఇవ్వండి, ఇంజను ఆయిల్‌తో కలపకుండా.

రోడ్డెక్కించడం

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ప్యాడ్లు మార్చాక మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది, పిస్టన్లు ముందుకు రావాలి కదా. ఇది మరిచి బండి రివర్సు చేసి గోడకు కొట్టినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. చక్రాల నట్లు ఎదురెదురుగా వరసలో బిగించి, బండి దించాక చివరి బిగింపు ఇవ్వండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడండి.

కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి. తెల్లవారుజామున ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మధ్యస్థంగా బ్రేకు వేసి, మళ్ళీ వేగం అందుకోండి. మధ్యలో అర నిమిషం చల్లారనిస్తూ ఓ పదిసార్లు చేయండి. పూర్తిగా ఆపి పెడల్ మీద కాలు ఉంచవద్దు, వేడి ప్యాడ్ ఆనిన చోట డిస్కు మీద మచ్చ పడుతుంది. మొదటి రెండు వందల కిలోమీటర్లు ఘాట్ వద్దు. సంక్రాంతికో, పైడితల్లమ్మ సిరిమానుకో విజయనగరం దిగాలనుకుంటే ఈ పని వారం ముందే ముగించుకోండి, ముందు రోజు కాదు.

దిగేటప్పుడు రెండో గేరులో దిగండి, నిటారు మలుపుల్లో ఒకటి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో దింపడం మన వైపు బాగా ఉన్న అలవాటు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు కంప్యూటరే పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్లో ఇంజను నడవడానికి పెట్రోలు పోయాల్సి వస్తుంది. అంటే మిగిలేది ఏమీ లేకపోగా, మొత్తం వేడి బ్రేకుల నెత్తిన పడుతుంది. ఇంజను ఆపి దింపితే ఇంకా ఘోరం, రెండు మూడు తొక్కుళ్ళకు బూస్టర్లోని వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయి అవుతుంది.

కాలు ఎప్పుడూ పెడల్ మీద ఆనించి ఉంచవద్దు. గట్టిగా వేసి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి, వదిలినప్పుడే డిస్కుకు గాలి తగులుతుంది. కాలిన వాసన వచ్చినా, పెడల్ మామూలు కంటే లోతుకు దిగినా మొదటి వెడల్పు చోటే ఆపండి. డిస్కు మీద నీళ్ళు కొట్టకండి, వంకరపోతుంది. అరగంట ఆగండి. ఆపిన చోట గేరు వేసి చక్రానికి రాయి పెట్టండి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి పక్కకు పడేయండి, దయచేసి. సుంకి ఘాట్లో చీకట్లో బైకు మీద వచ్చేవాడికి మీ రాయి యముడే.

మార్పుల సంగతి

అల్లాయ్‌ల మీద మోజున్నవాళ్ళకు ఒక మాట. 145/80 ఆర్12 టైరున్న ఆల్టోకి 155/65 ఆర్13 వేస్తే చక్రం మొత్తం ఎత్తులో తేడా ఒక శాతం లోపే, బ్రేకుల మీద ప్రభావం లేనట్టే. దానికి మించి పెద్ద చక్రం వేసేకొద్దీ అదే బ్రేకు అంత బరువును ఆపడానికి ఎక్కువ కష్టపడాలి. వేగం మీటరు కూడా తప్పు చూపిస్తుంది. ఇక కంపెనీ ఇచ్చిన రూపాన్ని, ఆర్సీలో రాసిన వివరాలను మార్చే పనులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద నిషిద్ధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వచ్చాయి. ఓడీ నంబరున్న ఒడిశా బండి సరిహద్దు దాటిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపుతూనే ఉంటారు, వాళ్ళ కంటికి ముందు పడేవి ఇలాంటివే.

బ్రేకుల్లోనే డబ్బు పెట్టాలనుకుంటే ఇదీ నా వరస: ముందు కొత్త ఆయిల్, తర్వాత మంచి ప్యాడ్లు, ఆ తర్వాత పదేళ్ళు దాటిన బండైతే నాలుగు రబ్బరు గొట్టాలూ. గీతలు, రంధ్రాలు కొట్టిన రేసింగ్ డిస్కులు ఎనిమిది వందల సీసీ బండికి అలంకారమే. కాలిపర్ కి ఎర్ర రంగు వేసుకుంటానంటే వేసుకోండి, వేడికి తట్టుకునే రంగు తెచ్చుకోండి, పిస్టన్ రబ్బరు మీద, పిన్నుల మీద, గాలి తీసే నిపుల్ మీద మాత్రం పడనీయకండి.